ఆ వాల్వు పట్టుకెళ్ళమన్నది నేనే

మా మేనమామ పెళ్ళిళ్ళలో నన్ను "మా సుధాకర్ కస్టమ్స్‌ల పనిజేస్తడు" అని పరిచయం చేసేవాడు. నేను పనిచేసింది ఉప్పల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో. హోదా ఎగుమతి నియంత్రణ అధికారి. ఆ మాట చెబితే ఉల్లిగడ్డల ధర ఎప్పుడు తగ్గుతుందని అడిగినవాళ్ళున్నారు. కస్టమ్స్ అంటే కనీసం గౌరవమైనా దక్కుతుందని మామ లెక్క.

పని ఏమిటో ముందు చెబుతాను. కొన్ని వస్తువులు, యంత్రాలు, రసాయనాలు ఫ్యాక్టరీకీ పనికొస్తాయి, ఆయుధాలకూ పనికొస్తాయి. వాటికి ప్రభుత్వం దగ్గర ఒక జాబితా ఉంది. అందులో ఉన్నదాన్ని దేశం దాటించాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. ఓడలో పంపినా, సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళినా, దాని డ్రాయింగును మెయిల్ చేసినా చట్టానికి ఒకటే. కాన్ఫరెన్సుకు వెళ్ళే అధ్యాపకుడు తానొక ఎగుమతిదారుణ్ణని కలలో కూడా అనుకోడు. అనుకునేలా చేయడమే నా ఉద్యోగం.

ఈ మధ్య మరికొన్ని కాలేజీలు ఇలాంటి కుర్చీలు వేస్తున్నాయి. వాటిలో కూర్చోబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నియమాలు పుస్తకాల్లో దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. డాక్టర్ స్వరూప సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆమె గురించి నేను ఏళ్ళ తరబడి వేదికల మీద చెప్పిన కథలో ఒక వాక్యం తక్కువ. ఆ వాక్యాన్నే ఈ వ్యాసానికి పేరుగా పెట్టాను.

సేటు దగ్గర చదువు

నేను ఈ విద్య నేర్చుకున్నది నాచారంలో. డిగ్రీ తప్పి తిరుగుతున్న రోజుల్లో మల్లేశం సేటు తన వాల్వుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తాగా పెట్టుకున్నాడు. చుట్టుపక్కల మందుల కంపెనీలకు ఆసిడ్ పైపుల మీద బిగించే వాల్వులు చేసేవాళ్ళం. బయట ఇనుము, లోపల ఆసిడ్ తినలేని తెల్లటి ప్లాస్టిక్ పొర. చూడ్డానికి ఇంట్లో నీళ్ళు పట్టుకునే నల్లాకు పెద్దన్నలా ఉంటుంది.

ఒకసారి విదేశానికి పోవలసిన సరుకు రేవులో నెలల తరబడి ఆగిపోయింది. కారణం తెలిసినప్పుడు ఫ్యాక్టరీ అంతా నవ్వింది. యుద్ధంలో వాడే విషవాయువులు తయారు చేయడానికి కూడా అలాంటి వాల్వులే కావాలట. అందుకని అవి జాబితాలో ఉన్నాయట.

"మన నల్లాకు గింత ఇజ్జత్ ఉన్నదా!" అని సేటు మురిసిపోయాడు. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి పాఠం చెప్పాడు. "సూడు సుధాకర్, డబ్బాల ఏమున్నదో ఎవడు సూస్తడు? డబ్బా మీద ఏం రాసినవో గదే సూస్తరు. ఇగ నుంచి 'యంత్ర విడిభాగాలు' అని రాయి. అబద్ధమా?"

అబద్ధం కాదు. నా వృత్తిలో నేను చేసిన ఘోరాలేవీ అబద్ధాలు కావు. ఈ సంగతి కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

నాచారంలో ఇంకో ఆనవాయితీ ఉండేది. ఎవరైనా విదేశం వెళ్తున్నారని తెలిస్తే ఆ మనిషి సూట్‌కేసు మీద పేటలో అందరికీ హక్కు వచ్చేసేది. ఒకరు గ్యాస్కెట్లు ఇస్తారు, ఒకరు పంపు ముక్క ఇస్తారు, ఒకరు అక్కడున్న బావమరిదికి చింతకాయ తొక్కు ఇస్తారు. కొరియరుకు ఖర్చు, ఆలస్యం. పోయే మనిషి ఎలాగూ పోతున్నాడు కదా. దీన్ని దొంగరవాణా అంటే కొట్టడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో అది ఇరుగుపొరుగు సాయం. కాదంటే పొగరు.

నేను అధికారి అయిన విధం

తర్వాత విశ్వవిద్యాలయంలో కొనుగోళ్ళ విభాగంలో చేరాను. రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. ఒక విదేశీ విశ్వవిద్యాలయం మాతో ఒప్పందానికి వచ్చి, మీ ఎగుమతి నియంత్రణ అధికారి ఎవరు అని అడిగింది. మా రిజిస్ట్రార్ గారిది గుంటూరు వైపు. పద్ధతి గల మనిషి, ఏ ప్రశ్నకూ లేదు అని జవాబివ్వడం ఆయనకు ఇష్టం ఉండదు.

"మన దగ్గర ఎక్స్‌పోర్టు తెలిసినవాళ్ళు ఎవరున్నారండీ?" అన్నారు.

"పర్చేజ్‌లో సుధాకర్ ఉన్నాడు సార్, వాల్వుల ఫ్యాక్టరీలో చేసి వచ్చాడు," అన్నారెవరో.

భోజనానికి వెళ్ళి వచ్చేసరికి నేను అధికారిని. కుర్చీ అదే, బల్ల అదే, తలుపు మీద పలక మాత్రం కొత్తది.

విదేశం వెళ్ళే ప్రతి అధ్యాపకుడూ నా దగ్గరికి వచ్చి ఏం తీసుకెళ్తున్నాడో చెప్పాలి. గణితం ప్రొఫెసర్ ఒకాయన "నా తలకాయ తీసుకుపోతున్నాను, దానికి లైసెన్సు కావాలా?" అన్నాడు. "ఖాళీదైతే అక్కర్లేదు సార్," అన్నాను. ఆ జోకు క్యాంటీన్‌లో వారం రోజులు తిరిగింది, నాకు పేరొచ్చింది. బోటనీ మేడం ఒకావిడ ఆవకాయలో వాడిన ఆవపిండి రకం కూడా చెప్పింది. ఏ ప్రమాదమూ లేనివాళ్ళే అన్నీ చెబుతారు. మా డైరెక్టర్ గారు మాత్రం ఏమీ చెప్పేవారు కాదు. ఆయన ల్యాప్‌టాప్‌లో రక్షణ శాఖ ప్రాజెక్టు డ్రాయింగులు ఉంటాయని నాకు తెలుసు. అయినా నేను అడగలేదు. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆ అడగకపోవడం నా సమర్థతల్లో ఒకటిగా జమ అయింది.

అడగవలసినవి నిజానికి మూడే. ఏం పట్టుకెళ్తున్నారు? ఎవరి చేతికి ఇస్తున్నారు? చివరికి అది ఎక్కడ తేలుతుంది? మొదటిది అందరూ అడుగుతారు. మూడోది అడిగేవాడే ఈ ఉద్యోగం చేస్తున్నట్టు.

నల్లా

స్వరూప కెమికల్ ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్. ఊరు ఆలేరు. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. వాల్వుల లోపలి తెల్ల పొర వేడికి ఎందుకు పొంగి ఊడిపోతుందన్నది ఆమె పరిశోధన. పాడైన వాల్వులు కావాలని నాచారం వెళితే మల్లేశం సేటు బస్తాడు ఇచ్చాడు. అప్పటినుంచి ఆయన ఆమెను "మా డాక్టరమ్మ" అనేవాడు.

జర్మనీలో ఒక ప్రయోగశాల ఆమెకు మూడు నెలల ఫెలోషిప్ ఇచ్చింది. పొరను కోయకుండా లోపలికి చూడగల యంత్రం వాళ్ళ దగ్గర ఉంది. ఆ మూడు నెలలు పూర్తయితే పరిశోధన నిలబడుతుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. ఆమెకు ఆ ప్రయాణం అంత ముఖ్యం.

ఒక ఉదయం సేటు ఫోన్ చేశాడు. "పిల్ల నీ దగ్గరికొస్తది. కొత్త వాల్వు ఒకటి ఇచ్చిన. జర సతాయించకు."

మధ్యాహ్నం స్వరూప వచ్చింది. భుజాన సంచి, సంచిలో పాత చీర ముక్కలో చుట్టిన వాల్వు. నా బల్ల మీద పెట్టింది.

"సార్, దీనికి పర్మిషన్ అడగాల్నా? మల్లేశం సార్ ఇచ్చిండు. ఆడ టెస్ట్ అయినంక ఆయన మనిషి ఎవరో వచ్చి తీసుకుంటడంట."

ఆమె మొదటి ప్రశ్నకు జవాబు చెప్పింది. రెండోదానికి చెప్పింది. అడగకుండానే మూడోదానికి కూడా దారి చూపించింది. ఆ మనిషి ఎవరు అని నేను అడగాలి, అంతే. అలాంటి సరుకు రేవులో ఎందుకు ఆగిందో ఆ విశ్వవిద్యాలయంలో నా ఒక్కడికే తెలుసు. కానీ నేను దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నవ్వాను.

"నల్లా అమ్మా ఇది. దీనికి ఢిల్లీ ఎందుకు? పట్టుకపో."

"రాసిచ్చి పోనా సార్?"

"రాసిస్తే నేను ఢిల్లీకి పంపాలె. వాళ్ళు జవాబిచ్చేసరికి నీ మూడు నెలలు అయిపోతయ్."

ఆమె కూడా నవ్వింది. "అయితే రాయను సార్. మీరున్నరుగా."

సేటు మాట కాదనలేకపోయాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం. మిగతా సగం ఏమిటంటే, నియమాలు తెలిసి కూడా పని సులువు చేసి పెట్టే మనిషిగా కనిపించడం నాకు బాగుండేది. ఈ ఉద్యోగంలో లంచం కంటే ప్రమాదకరమైంది ఇదే. లంచం తీసుకునేవాడికి కనీసం తాను తప్పు చేస్తున్నట్టు తెలుస్తుంది.

విమానాశ్రయం శంషాబాద్‌కు మారిన కొత్తలు. ఆమె బయల్దేరిన రోజు నా ఫోన్ మోగింది. పేరు చూసి ఎత్తలేదు. మళ్ళీ మోగితే ఎత్తాను.

"సార్, ఈడ పెట్టె తెరిపిచ్చిన్రు. ఇది లిస్టుల ఉన్నదంటున్నరు. ఫోను వాళ్ళకిస్త, మీరు జర మాట్లాడుండ్రి సార్."

"ఫోన్ల ఎట్లమ్మా? ఆఫీసు ఫైలు చూడాలె గదా. రేపు చూస్త."

"రేపటికి ఫ్లైట్ ఉండదు సార్."

"చూస్త అంటున్న గదా," అని పెట్టేశాను. చూడ్డానికి ఫైలే లేదన్న సంగతి నాకు తెలుసు. లేకుండా చేసింది నేనే.

సభ్య కార్యదర్శి

కస్టమ్స్‌వాళ్ళు వాల్వు తీసుకుని, విశ్వవిద్యాలయానికి లేఖ రాశారు. విచారణ కమిటీ వేశారు. ఎగుమతి నియంత్రణ మీద విచారణకు ఎగుమతి నియంత్రణ అధికారి ఉండాలి కదా. నన్ను సభ్య కార్యదర్శిని చేశారు. ఆమెను అడగవలసిన ప్రశ్నలు నేనే తయారు చేశాను. వెళ్ళేముందు ఎవరినైనా అడిగారా అన్న ప్రశ్న అందులో లేదు.

అడగకపోయినా ఆమె చెప్పింది. "సార్‌ను అడిగిన," అని నా వైపు చూసింది. వేలు చూపలేదు. గొంతు కూడా పెంచలేదు.

రిజిస్ట్రార్ గారు నా వైపు తిరిగారు. "మీకు అప్లికేషన్ వచ్చిందాండీ?"

"రాలేదు సార్."

"గదే సార్, నోటితోని అడిగిన. రాసిస్తా అంటే సారే వద్దన్నరు."

"నోటితో అడిగితే అది రికార్డు ఎలా అవుతుందమ్మా?" అన్నారు రిజిస్ట్రార్ గారు, నిజంగానే బాధపడుతూ. ఆమె ఇంకోసారి నా వైపు చూసింది. నేను ఒక మాట చెప్పడానికి సరిపోయేంత సేపు చూసింది. నేను మినిట్స్ రాసుకుంటున్నాను.

'అనుమతి కోరకుండా నియంత్రిత వస్తువును తీసుకెళ్ళడానికి ప్రయత్నించారు' అని నివేదిక రాశాను. ఆమె ప్రొబేషన్ పొడిగించలేదు, ఉద్యోగం పోయింది. ఫెలోషిప్ రద్దయింది. విశ్వవిద్యాలయం అప్రమత్తతను మెచ్చుకుంటూ విదేశీ భాగస్వాములు మెయిల్ పంపితే రిజిస్ట్రార్ గారు దాన్ని ఫ్రేము కట్టించారు.

సేటును కలిశాను. ఆయన ఏదో జరిమానాతో బయటపడ్డాడు. "నీ పేరు పేపర్ల రాలే, నా పేరు రాలే. ఇగ ఫికర్ దేనికి?" అన్నాడు. చాయ్ తెప్పించాడు. తాగాను.

కథకుడిగా నా పేరు ప్రతిష్ఠలు

ఆ తర్వాత నేను నిపుణుణ్ణయ్యాను. ఇంజనీరింగ్ కాలేజీలు అవగాహన సదస్సులకు పిలిచేవి. శాలువాలు ఇంట్లో పట్టేవి కావు. జాబితా గురించి చెబితే పిల్లలు నిద్రపోయేవారు కాబట్టి 'సూట్‌కేసులో నల్లా' కథ కనిపెట్టాను. పేరు లేకుండా, ఒక లెక్చరరమ్మ చీర ముక్కలో నల్లా చుట్టుకుని జర్మనీ బయల్దేరిన కథ. కస్టమ్స్ ఆఫీసరు, "ఏందమ్మా, ఆడ నీళ్ళు రావా?" అంటాడు. ఆ మాట ఏ ఆఫీసరూ అనలేదు, నేను కల్పించాను. అక్కడ హాలంతా నవ్వేది. "అడగకుండా వెళ్తే ఇట్లయితది," అని ముగించేవాణ్ణి.

ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలేజీలో కూడా అలాగే ముగించాను. నవ్వులు తగ్గాక అధ్యాపకుల వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. జుట్టు కొంచెం నెరిసింది. గుర్తుపట్టడానికి నాకు కొద్దిసేపు పట్టింది.

"సార్, ఆ లెక్చరర్ పోయే ముందు ఎవరినన్న అడిగిందా?" అంది స్వరూప.

మైకు నా చేతిలో ఉంది. పిల్లలు నా జవాబు కోసం చూస్తున్నారు. ఆ క్షణంలో నేను ఏం చేశానో మార్చకుండా రాస్తాను.

"అడిగే ఉంటది మేడం. అడగరాని వాణ్ణి అడిగి ఉంటది," అన్నాను.

అందరికంటే పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది.

తర్వాత టీ దగ్గర సమోసాల ప్లేటు ఆవిడే తెచ్చి ఇచ్చింది. ఆ కాలేజీలో చేరి కొన్నేళ్ళయిందట. "మంచిగ చెప్తరు సార్. నేను గింత నవ్విచ్చిన్నని నాకే తెల్వది," అంది.

ఏదో అనబోయాను. అననివ్వలేదు. "సర్కారు ల్యాబుల రెండుసార్లు సెలెక్ట్ అయిన. రెండుసార్లూ మీ రిపోర్టు అడిగిన్రు. గది పోయి ఎవరికి చెప్పాలె? నోటితోని చెప్తే రికార్డు కాదు గదా. సమోస సల్లగయితది, తినుండ్రి."

ఆలస్యంగా వచ్చిన ధైర్యం

మర్నాడే రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు చెబుతున్నారేమిటండీ? ఫైలు తెరిస్తే ముందు పోయేది మీ ఉద్యోగం. తర్వాత మన ఒప్పందం. మీ ఇష్టం."

నా ఇష్టం అన్నాక నేను ఇంటికి వెళ్ళిపోయాను. ధైర్యం నాకు ఐచ్ఛిక విరమణ తర్వాత వచ్చింది. అడ్డుపడటానికి ఉద్యోగం లేకపోయాక ధైర్యం చాలా సులభంగా వస్తుంది. దాన్ని గొప్పగా చెప్పుకోను. ఆఖరి రోజు సన్మానం అయిపోయాక, ఆ వాల్వు పట్టుకెళ్ళమన్నది నేనే అని సంతకం చేసి ఇచ్చాను. అప్పటికి రిజిస్ట్రార్ మారారు. కొత్తాయనకు ఒప్పందం గురించి బెంగ లేదు. కొన్ని నెలలకు, నివేదికలో ఆమె మీద రాసిన వ్యాఖ్యను ఉపసంహరించుకున్నట్టు ఆమెకు లేఖ వెళ్ళింది.

అప్పటికి ప్రభుత్వ ప్రయోగశాలల్లో చేరే వయసు ఆమెకు దాటింది. తెల్ల పొర ఎందుకు పొంగుతుందో వేరే దేశంలో వేరేవాళ్ళు కనుక్కుని ప్రచురించారు. ఒక రోజు సాయంత్రం లాలాపేట్‌లోని మా ఇంటికి ఆమె ఫోన్ చేసింది. లేఖ అందిందని చెప్పింది. కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేయాలో నాకు తెలిసేది కాదు.

"మా పిల్లలకు మీరు చెప్పిన కథనే గుర్తున్నది సార్. లేఖ వాళ్ళకు కనిపించదు. వచ్చి చెప్పి పోతరా?"

"వస్త," అన్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్త. దారి పొడుగునా ఆఫీసుల బోర్డుల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నారు. ఘట్‌కేసర్ కాలేజీలో అదే హాలు. ఈసారి శాలువా లేదు, వద్దని ఆమే చెప్పిందట. విదేశాలకు వెళ్ళబోయే అధ్యాపకులు కొందరు ముందు వరసలో ఉన్నారు, వెనక ఆఖరి ఏడాది పిల్లలు. స్వరూప తలుపు దగ్గర హాజరు పట్టిక పట్టుకుని నిలబడింది.

జోకులు లేకుండా చెప్పాను. ఆమె వచ్చి అడిగిందని చెప్పాను. రాసిస్తానంటే నేనే వద్దన్నానని, ఫోన్ చేస్తే పెట్టేశానని, విచారణలో మినిట్స్ రాసుకుంటూ తల దించుకున్నానని చెప్పాను. కస్టమ్స్ ఆఫీసరు నీళ్ళ మాట నేను కల్పించానని కూడా చెప్పాను. పోయినసారి నవ్విన చోట్ల ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు. ప్రసంగం కొంచెం చప్పగా ఉందని ఆయనకు అనిపించి ఉంటుంది.

చివర్లో వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు.

"మరి ఆ మేడం ఏమయింది సార్?"

అది చెప్పే హక్కు నాకు లేదు. తలుపు వైపు చూశాను. స్వరూప పట్టికలోంచి తలెత్తలేదు.

"మీ అటెండెన్స్ తీసుకుంటున్నది," అంది. "కూసో."